ఫుట్ డ్రాప్: తేడా నడుములోనా, మోకాలి పక్కనా? ఎంఆర్ఐలో డిస్కు కనబడింది గానీ...

హౌస్‌సర్జన్_తెనాలి
34 ఏళ్ల ఆవిడ, వ్యవసాయ కూలీ. పత్తి చేలో వరసగా నాలుగు రోజులు గొంతుక్కూర్చుని కలుపు తీసింది. ఐదో రోజు పొద్దున లేచేసరికి కుడి పాదం పైకి లేవట్లేదు. నడుస్తుంటే వేళ్లు నేలకు గీసుకుంటున్నాయి, అందుకని మోకాలు ఎత్తెత్తి వేస్తోంది. నొప్పి లేదు. పాదం మీద మొద్దుబారినట్టుందంటోంది. బయట నడుముకు ఎంఆర్ఐ తీయించుకొచ్చారు. ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బి కుడి ఎల్5 వేరును (వెన్ను నుంచి ఆ చోట బయటికొచ్చే నరం మొదలును) తాకుతోందని రిపోర్టు. వారంలో ఆపరేషన్ చేయించుకోకపోతే కాలు పడిపోతుందని వాళ్లకెవరో చెప్పారట, అప్పు కోసం తిరుగుతున్నారు. ఇవాళ్టికి పదో రోజు. నడుం నొప్పి అసలు లేకుండా డిస్కు ఇంత పని చేస్తుందా? మంచం దగ్గర నేను ఇంకేం చూడాలి?

నరాల_నోట్సు
ఫిల్ము కవర్లో పెట్టేసి ముందు పాదం లోపలికి తిప్పమనండి. అసలు ప్రశ్నకి జవాబు సగం అక్కడే ఉంది.

ఎందుకంటే పాదాన్ని పైకెత్తే టిబియాలిస్ యాంటీరియర్, లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్, రెండూ ముఖ్యంగా ఎల్4, ఎల్5 వేర్ల మీదే బతుకుతాయి. కానీ మొదటిదానికి నరం (పెరోనియల్) మోకాలి బయటి పక్కన ఫిబులా (పిక్క బయటి సన్న ఎముక) మెడ చుట్టూ తిరిగొస్తుంది, రెండోదానికి మోకాలి వెనక నుంచి టిబియల్ నరంలో వస్తుంది. వేరు దగ్గర దెబ్బ తింటే రెండూ పోవాలి. ఫిబులా మెడ దగ్గర దెబ్బ తింటే పైకెత్తడం పోతుంది, లోపలికి తిప్పడం నిలుస్తుంది.

ఒక జాగ్రత్త. పాదం వేలాడుతుండగా పరీక్షిస్తే అన్నీ బలహీనంగానే కనబడతాయి. మీ చేత్తో అరికాలు కింద పట్టి చీలమండను 90 డిగ్రీలకు ఎత్తి ఉంచండి, అప్పుడు లోపలికి నెట్టమనండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

తర్వాత ఎడమ పక్కకి పడుకోబెట్టి కుడి కాలు మొత్తం పైకెత్తమని, మీరు తొడ మీద కిందికి నొక్కండి. గ్లూటియస్ మీడియస్‌కి కూడా ఎల్5 నుంచే వస్తుంది, కానీ ఆ కొమ్మ పిర్రలోనే విడిపోతుంది. అది బలహీనంగా ఉంటే తేడా పైన ఉన్నట్టు.

పెడ్_టిప్
చదువుకునే పిల్లల కోసం: పెరోనియల్ అయితే పాదం బయటికి, పైకి. టిబియల్ అయితే లోపలికి, కిందికి. నా పేరే ఈ గుర్తు (పెడ్: పెరోనియల్, ఎవర్షన్, డార్సీఫ్లెక్షన్; టిప్: టిబియల్, ఇన్వర్షన్, ప్లాంటార్ ఫ్లెక్షన్), పరీక్ష హాల్లో మర్చిపోయినా నన్ను తలుచుకోండి.

పీజీ_ఆర్థో
నోట్సు గారు చెప్పింది సరే. కానీ డిస్కును అంత తేలిగ్గా తీసిపారేయొద్దు. నొప్పి లేకుండా ఎల్5 ఫుట్ డ్రాప్ రావడం నిజంగానే ఉంది. మొదట నొప్పి బాగా ఉండి, తర్వాత నొప్పి తగ్గి బలహీనత మిగిలినవాళ్లు కూడా వస్తారు. మూత్రం ఆగిందా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయిందా అని తప్పకుండా అడగాలి. అవి ఉంటే మాత్రం మన చర్చంతా పక్కన పెట్టి ఆ రోజే సర్జన్ దగ్గరికి పంపాలి.

నరాల_నోట్సు
@పీజీ_ఆర్థో ఒప్పుకుంటాను. కాని ఏ నొప్పీ లేనివాళ్లకి తీసినా డిస్కు ఉబ్బులు బోలెడు కనబడతాయి. ఫిల్ములో ఉన్నదల్లా రోగం కాదు. పరీక్ష ఎల్5 అని చెబితేనే ఆ ఉబ్బుకి విలువ.

ఫిబులా_మెడ
గొంతుక్కూర్చుని నాలుగు రోజులు అని మొదట్లోనే ఉంది, దాన్నెవరూ పట్టించుకోలేదే!

కామన్ పెరోనియల్ నరం తొడ వెనక బైసెప్స్ ఫెమోరిస్ స్నాయువు లోపలి అంచు పట్టుకుని దిగి, ఫిబులా తల వెనగ్గా వచ్చి, మెడ చుట్టూ మలుపు తిరిగి పెరోనియస్ లాంగస్ కండరం కిందికి దూరుతుంది. ఆ దూరే చోట గట్టి పీచు కమాను ఒకటుంది. మెడ మీద నరానికీ ఎముకకీ మధ్య మెత్తదనం ఏమీ లేదు, పైన చర్మమూ కాస్త కొవ్వూ తప్ప. మోకాలు పూర్తిగా ముడిస్తే నరం ఆ కమాను అంచుకి ఒరుసుకుని మడత పడుతుంది, నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు నలుగుతాయి. గంట సేపైతే తిమ్మిరెక్కి లేవగానే పోతుంది. రోజుకి ఏడెనిమిది గంటలు నాలుగు రోజులైతే మైలిన్ (నరం పోగుల మీది తొడుగు) దెబ్బ తింటుంది.

కోత, కలుపు, నేల టైల్సు పరవడం, గొంతుక్కూర్చునే పని ఏదైనా ఇంతే. ఇంకా: తక్కువ కాలంలో బాగా బరువు తగ్గినవాళ్లు (మెడ మీద కొవ్వు కరిగిపోతుంది), కాలు మీద కాలు వేసుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్లు, మత్తులో కదలకుండా ఒక పక్కకి పడుకున్నవాళ్లు, కాన్పు బల్ల మీద కాళ్లు ఆనించిన కడ్డీలు పక్కన నొక్కినవాళ్లు, మోకాలి దాకా పిండికట్టు వేసినవాళ్లు.

ఈవిడ బరువు ఈమధ్య తగ్గిందా అని కూడా అడగండి.

చర్మం_నరం
మన రాష్ట్రాల్లో ఫుట్ డ్రాప్ అనగానే కుష్ఠు గుర్తు రాకపోతే తప్పు చేసినట్టే. 2005 చివర్లో దేశం మొత్తం మీద ప్రజారోగ్య సమస్యగా లేదని ప్రకటించారు, దాంతో చేత్తో నరం తడిమి చూసే అలవాటే పోయింది. కేసులు మాత్రం పోలేదు.

తడిమే పద్ధతి: ఆవిడని బల్ల మీద కూర్చోబెట్టి మోకాలు 90 డిగ్రీలు వంచండి. బయటి పక్క ఫిబులా తల దొరుకుతుంది. దాని వెనక అంచు నుంచి రెండు వేళ్లతో మెల్లగా ముందుకి, కిందికి జరపండి. తాడులాంటిది వేళ్ల కింద జారుతుంది. రెండు కాళ్లూ ఒకేసారి పట్టుకుని పోల్చండి. లావు, గట్టిదనం, నొక్కితే నొప్పి, ఈ మూడూ చూడాలి. ఆవిడ ముఖం చూస్తూ నొక్కండి, నోటితో చెప్పకముందే ముఖం చెబుతుంది.

తర్వాత మోచేతి వెనక అల్నార్, చీలమండ లోపలి ఎముక వెనక పోస్టీరియర్ టిబియల్ కూడా. ఒళ్లంతా వెలుతురులో చూసి, రంగు తగ్గిన మచ్చ ఉంటే దూదికొనతో స్పర్శ చూడండి.

మేం పెరోనియల్‌నే లేటరల్ పాప్లిటియల్ అని రాస్తాం. 1998 నుంచి అంతర్జాతీయ పేర్ల పట్టికలో ఫిబులర్ అన్నారు. ఒకే నరం, మూడు పేర్లు. కేసు షీటులో ఎవరేది రాసినా కంగారు పడకండి.

హౌస్‌సర్జన్_తెనాలి
చూసొచ్చాను. అందరూ అడిగినవి వరసగా:

బలం ఐదుకి ఇన్ని అని వేశాను, 5 అంటే మామూలు. పాదం పైకెత్తడం 1/5. బొటనవేలు ఎత్తడం 0. బయటికి తిప్పడం 2. లోపలికి తిప్పడం, చీలమండ పట్టి చూస్తే 5/5! వేలాడుతుండగా చూసినప్పుడు 3 అనిపించింది, నోట్సు గారు ముందే చెప్పకపోతే మోసపోయేదాన్ని. పక్కకి పడుకుని కాలు ఎత్తడం 5. వేళ్లు కిందికి ముడవడం 5. చీలమండ రిఫ్లెక్సు రెండు పక్కలా ఉంది. కాలు నిటారుగా 80 దాకా ఎత్తినా నొప్పి లేదు. మూత్రం బానే ఉంది.

స్పర్శ: పాదం పైభాగం, పిక్క బయటి కింది భాగం తగ్గింది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందులో కూడా. అరికాలు మామూలే. పాదం బయటి అంచు, చిటికెన వేలి వైపు, మామూలే.

ఫిబులా మెడ మీద వేలితో తడితే పాదం దాకా జిల్లుమందంది. నరం రెండు పక్కలా ఒకేలా ఉంది, లావు లేదు. మచ్చలు లేవు. బరువు తగ్గానంటోంది, ఎంతో తెలీదు, జాకెట్లు వదులయ్యాయట.

ఫిబులా_మెడ
జాకెట్లు వదులయ్యాయంటే చాలు, తూకం అక్కర్లేదు.

నరాల_నోట్సు
మెడ దగ్గరే. డీప్ కొమ్మ (పైకెత్తడం, మొదటి సందు), సూపర్‌ఫిషియల్ కొమ్మ (బయటికి తిప్పడం, పాదం పైభాగం) రెండూ పోయాయి కాబట్టి కొమ్మలు విడిపోక ముందు. లోపలికి తిప్పడం, తుంటి బాగున్నాయి కాబట్టి ఎల్5 కాదు.

పీజీ_ఆర్థో
ఒప్పుకున్నాను, ఈ కేసులో నడుము జోలికి వెళ్లక్కర్లేదు. ఒక్కటి మిగిలింది. సయాటిక్ నరం (కాల్లోకి దిగే పెద్ద నరం) పిర్రలోనే రెండు భాగాలుగా ఒకే తొడుగులో నడుస్తుంది, పెరోనియల్ భాగం బయటి పక్క. కొందరిలో అది పిరిఫార్మిస్ కండరాన్ని చీల్చుకుని వస్తుంది కూడా. అక్కడ ఆ భాగం మాత్రమే దెబ్బ తింటే అచ్చం ఇలాగే కనబడుతుంది. తేడా ఎలా పట్టాలి?

ఈఎంజీ_టేబుల్
బైసెప్స్ ఫెమోరిస్ పొట్టి తల. తొడలో పెరోనియల్ భాగం నుంచి నరం అందే కండరం అదొక్కటే. సూది అక్కడ పెడితే తేలిపోతుంది. అది చెడితే తేడా మోకాలికి పైన, బాగుంటే మోకాలి దగ్గర.

ఎన్‌సీఎస్ (నరం కరెంటు ఎలా మోస్తోందో చూసే పరీక్ష), ఈఎంజీ (కండరంలో సూది పెట్టి చూసేది) ఇప్పుడే చేయించొద్దు. ఇది పదో రోజు. నరం తెగినా కింది ముక్క కొన్ని రోజులు కరెంటు మోస్తూనే ఉంటుంది, మోటార్ (కదలిక పోగులు) అయితే వారం దాకా, సెన్సరీ (స్పర్శ పోగులు) పది పదకొండు రోజుల దాకా. సూదిలో ఫిబ్రిలేషన్లు (నరం తెగిన కండరం తనంతట తాను ఇచ్చే సంకేతాలు) రావడానికి రెండు మూడు వారాలు. తొందరపడి చేస్తే బాగానే ఉందని రిపోర్టొస్తుంది, మళ్లీ డబ్బు పెట్టాలి. 21 రోజులు దాటాక ఒక్కసారి చేయండి.

చేసేవాళ్లకి ఇలా రాసి పంపండి: పెరోనియల్ మోటార్‌ని పాదం మీద ఈడీబీ (వేళ్లు ఎత్తే చిన్న కండరం) నుంచి మాత్రమే కాదు, టిబియాలిస్ యాంటీరియర్ నుంచి కూడా రికార్డు చేయండి. ఫిబులా మెడకి కింద ఒకసారి, పైన ఒకసారి స్టిమ్యులేట్ చేయండి. సూపర్‌ఫిషియల్ పెరోనియల్ సెన్సరీ తప్పనిసరి. పొట్టి తలలో సూది.

కింద స్టిమ్యులేట్ చేస్తే మామూలుగా వచ్చి, పైన చేస్తే అల సగానికి పైగా పడిపోతే అది కండక్షన్ బ్లాక్. నరం తెగలేదు, మైలిన్ మాత్రమే దెబ్బ తింది, వారాల్లో కోలుకుంటుంది. కిందే అల చిన్నదైపోతే ఆక్సాన్లు (లోపలి నరం పోగులు) పోయినట్టు, నెలలు పడుతుంది.

ఇంకోటి. ఎల్5 వేరు దెబ్బ తింటే సెన్సరీ అల మామూలుగా ఉంటుంది, ఎందుకంటే దెబ్బ గాంగ్లియాన్‌కి (వెన్ను పక్కన స్పర్శ నరకణాలుండే ముడికి) లోపలి పక్క. స్పర్శ పోయినా అల ఉంటుంది. డిస్కు వాదన మళ్లీ లేస్తే ఇది చూపించండి.

ఫిజియో_హన్మకొండ
21 రోజుల దాకా ఊరికే కూర్చోబెట్టకండి. పాదం వేలాడుతూ ఉంటే పిక్క స్నాయువు బిగుసుకుపోతుంది, తర్వాత నరం తిరిగొచ్చినా పాదం లేవదు. తువ్వాలు పాదం ముందు భాగానికి వేసి రెండు చేతులతో పట్టి పాదాన్ని తనవైపు లాక్కోవాలి, మోకాలు చాపి 30 సెకన్లు, ఐదు సార్లు, రోజుకి నాలుగు పూటలు. రాత్రి 90 డిగ్రీల స్ప్లింట్. ఐజీటీ (కండరాన్ని కరెంటుతో కదిలించడం) రోజూ పెట్టించండి, టిబియాలిస్ మీద 30 కంట్రాక్షన్లు మూడు సెట్లు.

ఫిజియో_రాజమండ్రి
స్ట్రెచింగ్, స్ప్లింట్ వరకు అక్షరాలా నిజం. ఐజీటీ దగ్గర నేను ఒప్పుకోను. నరం తిరిగి రావడాన్ని అది తొందర చేస్తుందని గట్టి రుజువు లేదు. కండక్షన్ బ్లాకైతే కండరానికి నరం అందే ఉంది, ఎండిపోదు, అప్పుడు ఐజీటీతో పనేముంది? కూలి పోగొట్టుకుని రోజూ బస్సెక్కి రావడం ఆవిడకి భారం. ఆ డబ్బు ఏఎఫ్‌ఓ (పాదం వేలాడకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగు) మీద పెట్టమనండి.

ఫిజియో_హన్మకొండ
ఆక్సాన్లు పోయిన కేసులో కండరం బతికుంచడానికి పెడతాం, అందులో తప్పేముంది? సరే, ఈవిడకి ఎన్‌సీఎస్ వచ్చేదాకా ఆపుదాం. స్ట్రెచింగ్ మాత్రం ఆపొద్దు.

మాత్రల_చీటీ
మిథైల్‌కోబాలమిన్ (బి12) రాశారా?

నరాల_నోట్సు
బి12 తక్కువుంటే ఇవ్వాలి, మంచిదే. నొక్కుడు పడిన నరానికి అది మందు కాదు. నొక్కుడు తీయడమే మందు.

ఏఎఫ్ఓ_వర్క్‌షాప్
ఏఎఫ్‌ఓ అని చీటీ మీద ఒక్క ముక్క రాసి పంపేస్తారు, అక్కడే పని చెడుతుంది. ఇలా రాయండి: పాలీప్రొపిలీన్, లీఫ్ స్ప్రింగ్ రకం, 3 మి.మీ., చీలమండ 90 డిగ్రీలు, అంచు చీలమండ ఎముకలకి వెనక. పాదం బాగా పక్కకి పడిపోయేవాళ్లకైతే 4 మి.మీ., అంచు ముందుకి.

అన్నిటికన్నా ముఖ్యం: పై అంచు, పై బెల్టు ఫిబులా మెడకి కనీసం 2 నుంచి 3 సెం.మీ. కిందే ఆగాలి. దుకాణంలో దొరికే రెడీమేడ్‌వి పొట్టి మనుషులకి సరిగ్గా మెడ మీదకొచ్చి కూర్చుంటాయి. దెబ్బ తిన్న నరాన్నే మళ్లీ నొక్కుతాయి! కూర్చోబెట్టి మోకాలు వంచి కొలవండి, నిలబెట్టి కాదు.

స్పర్శ తగ్గిన కాలు కాబట్టి మొదటి రోజు ఒక గంటే. తీసి చూస్తే ఎర్రటి మచ్చ 20-30 నిమిషాల్లో పోవాలి. పోకపోతే తీసుకొస్తే వేడి చేసి ఆ చోటు బయటికి తోస్తాం. లోపల నూలు సాక్సు. బయట మడమ వెనక బెల్టున్న సాండల్ కావాలి, హవాయి చెప్పు మీద ఏఎఫ్‌ఓ నిలవదు.

హౌస్‌సర్జన్_తెనాలి
తయారవడానికి వారం పడుతుందట. ఈ వారం ఎలా?

ఫిజియో_రాజమండ్రి
10 సెం.మీ. క్రేప్ బ్యాండేజీ. మొదటి చుట్టు పాదం మధ్యలో, అరికాలు కిందుగా లోపలి నుంచి బయటికి తెచ్చి చిటికెన వేలి వైపు అంచును పైకి లాగండి. అక్కడి నుంచి చీలమండ ముందుగా ఏటవాలుగా పిక్క కింది భాగం వెనక్కి, మళ్లీ పాదానికి. ఎనిమిది అంకెలా మూడు నాలుగు సార్లు. బయటి అంచు లేవకపోతే నడిచేటప్పుడు చీలమండ బెణుకుతుంది. పిక్క సగం దాటి పైకి చుట్టొద్దు, రాత్రి తీసేయాలి.

రెండో_ఏడు_నర్సింగ్
ఒక ప్రశ్న, దీనికి దగ్గరదే. 6 ఏళ్ల బాబు, జ్వరానికి ఊళ్లో పిర్రకి ఇంజక్షన్ వేయించారు, వేస్తుండగానే కాలంతా మంట అని ఏడ్చాడట, అప్పట్నుంచీ పాదం ఈడుస్తున్నాడు. అది కూడా ఈ నరమేనా?

నర్సింగ్_ట్యూటర్
సయాటిక్. అందులోనూ ఎక్కువగా పెరోనియల్ భాగమే పోతుంది. అది బయటి పక్క ఉంటుంది, దాని కట్టలు లావు, వాటి మధ్య మెత్తటి కణజాలం తక్కువ, పైన సయాటిక్ నాచ్ దగ్గరా కింద ఫిబులా మెడ దగ్గరా కట్టేసినట్టుంటుంది. అందుకే ఫుట్ డ్రాప్. సూది గుచ్చుకోవడం ఒక్కటే కాదు, మందు నరంలోకి వెళ్తే మందే కాల్చేస్తుంది.

పిల్లలకి పిర్ర వద్దు. తొడ ముందు బయటి పక్క, వాస్టస్ లేటరాలిస్, మధ్య మూడో వంతు. పెద్దలకి వెంట్రోగ్లూటియల్: కుడి తుంటికి మీ ఎడమ అరచెయ్యి ట్రోకాంటర్ (తొడ ఎముక పైన పక్కకి తగిలే గుబ్బ) మీద ఆనించి, చూపుడు వేలు నడుం ముందు ఎముక మొన మీద, మధ్య వేలు నడుం ఎముక గట్టు వెంట వెనక్కి చాపండి. రెండు వేళ్ల మధ్య ఆ సందులో సూది. అక్కడ పెద్ద నరం లేదు. మనవాళ్లు చీర కాస్త జరిపి కనబడిన చోట పొడుస్తారు, అది పై బయటి పావు భాగం కాదు, పిర్ర నడిమధ్య. మనిషిని పడుకోబెట్టి, ఆ చోటు పూర్తిగా కనబడితేనే వేయండి.

గుచ్చగానే కాల్లోకి షాకులాగా కొట్టిందంటే ఆపి సూది తీసేయాలి. మిగిలిన మందు వేసేద్దాం అనుకోవద్దు.

చర్మం_నరం
ఆ బాబు విషయంలో ఇంకో పని తప్పనిసరి. 15 ఏళ్లలోపు పిల్లల్లో హఠాత్తుగా కాలు మెత్తబడితే, ఇంజక్షన్ వల్లే అని మనకి తెలిసినా ఏఎఫ్‌పీ (హఠాత్తుగా కాళ్లూ చేతులూ మెత్తబడే పక్షవాతం, పోలియో నిఘాలో భాగం) కింద రిపోర్టు చేయాలి. 24 గంటల తేడాతో రెండు మలం నమూనాలు, కాలు పడిపోయిన 14 రోజుల్లోపు. 2014లో పోలియో రహితమని సర్టిఫికెట్ వచ్చినా ఈ నిఘా ఆగలేదు.

ఈఎంజీ_టేబుల్
ఆక్సాన్ రోజుకి సుమారు 1 మి.మీ. పెరుగుతుంది. పెద్దవాళ్లకి పిర్ర నుంచి పాదమెత్తే కండరం దాకా అర మీటరు దాటుతుంది, అంటే ఏడాదిన్నర. ఆలోగా కండరం నరాన్ని తీసుకునే స్థితిలో ఉండదు. ఆరేళ్ల బాబు కాలు పొట్టిది, వాడికి ఆశ ఎక్కువ. 3 నుంచి 6 నెలల్లో ఏ కదలికా రాకపోతే నరాల సర్జన్‌కి చూపించాలి, ఏడాది ఆగొద్దు.

హౌస్‌సర్జన్_తెనాలి
ఆవిడ 24వ రోజు ఎన్‌సీఎస్ వచ్చింది. టిబియాలిస్ నుంచి: మెడ కింద 4.1 మిల్లీవోల్టులు, మెడ పైన 1.2. పొట్టి తల మామూలు. సూపర్‌ఫిషియల్ సెన్సరీ కాస్త తగ్గింది, కానీ ఉంది. ఆపరేషన్ వాయిదా కాదు, వద్దనే చెప్పారు మా సార్.

ఈఎంజీ_టేబుల్
ఎక్కువ భాగం బ్లాకు, కొన్ని ఆక్సాన్లు పోయాయి. మంచి రిపోర్టు. 6 నుంచి 12 వారాల్లో చాలా వరకు రావాలి. మూడు నెలలకి మార్పేమీ లేకపోతే మోకాలికి అల్ట్రాసౌండ్ చేయించండి. పై టిబియా-ఫిబులా కీలు నుంచి గాంగ్లియాన్ (జిగురు నీటి తిత్తి, వెన్ను పక్క ముడి కాదు) నరంలోకి పాకి ఉండొచ్చు, అదుంటే తీసేయాలి.

పీజీ_ఆర్థో
ఏడాదైనా రాకపోతే టిబియాలిస్ పోస్టీరియర్‌ని ముందుకి తెచ్చి కట్టే ఆపరేషన్ ఉంది, లోపలికి తిప్పే ఆ కండరమే పాదం ఎత్తుతుంది. దానికీ షరతు పిక్క స్నాయువు బిగుసుకోకపోవడమే. హన్మకొండ గారి తువ్వాలు ఇక్కడ పనికొస్తుంది.

హౌస్‌సర్జన్_తెనాలి
ఏడో వారం: పాదం 3, బొటనవేలు 2, బయటికి తిప్పడం 4. మళ్లీ కలుపుకి ఎప్పుడు వెళ్లొచ్చని అడుగుతోంది. వెళ్లకపోతే గడవదు. కాలికి బలమని ఎవరో చెబితే మోకాలికి సాగే నీ క్యాప్ కూడా కొనుక్కొచ్చింది.

ఫిబులా_మెడ
4 దాటేదాకా గొంతుక్కూర్చునే పని వద్దు. నిలబడి పొడుగు కర్ర దంతితో చేసే కలుపైతే ఇప్పుడే వెళ్లొచ్చు, ఏఎఫ్‌ఓ వేసుకుని. తర్వాత కూడా జానెడు ఎత్తు పీట మీద కూర్చుని చేయమనండి, మోకాలు పూర్తిగా ముడుచుకోదు. పీట లేని చోట ఒక మోకాలు నేలకి ఆనించి, పావుగంటకోసారి మోకాలు మార్చి, లేచి పది అడుగులు వేయాలి. పాదం తిమ్మిరెక్కితే ఆ సాలు వదిలేసి లేవాలి.

నీ క్యాప్ కింది అంచు రబ్బరు సరిగ్గా ఫిబులా మెడ మీదే బిగుస్తుంది. ఇవాళే తీయించేయండి.